గురువారం ఉతుకు

హార్టిల్‌పూల్‌లో సముద్రం వైపు దిగే వీధి చివర
మా లాండ్రీ.
ఎనిమిది మెషీన్లు. వాటిలో ఒకటి
మార్చి నుంచీ నోరు తెరుచుకుని ఊరికే చూస్తోంది.
బోర్డు మీద ‘మనందరిదీ’ అని ఉంటుంది.
అందరిదీ అయినదానికి
గ్యాస్ బిల్లు మాత్రం ఒక్క పేరు మీదే వస్తుంది.

పగలు రేవు ఆఫీసులో కొలువు నాకు.
శుక్రవారం రాత్రి ఇక్కడ లెక్కలు రాస్తాను, జీతం లేదు.
వకుళ అనడం రాక గ్లెనిస్ నన్ను వాకీ అంటుంది.
ఆమె పేరు నేనూ సరిగ్గా పలకనట్టే ఉంది,
ఇద్దరం పట్టించుకోం.

వారానికి నాలుగు వందల దుప్పట్లు
బీచి హోటల్ నుంచి వస్తాయి.
తెల్లగా వచ్చి ఇంకా తెల్లగా వెళ్తాయి.
మురికే లేని ఆ గుడ్డలు మాకు కూడు పెడతాయి.
మురికివి గురువారం సాయంత్రం వస్తాయి, ఉచితంగా.

ముగ్గురు పిల్లల యూనిఫారాలు చెత్తసంచిలో మోసుకొచ్చే రిడ్లీ.
తల్లి పక్క తడుపుతోందని ఎవరికీ చెప్పక
ఆ దుప్పటిని తువ్వాళ్ల కింద దాచి తెచ్చే ఆడ్రీ.
ఉన్న ఒక్క కోటూ మెషీన్లో వేసి
అది ఆరేదాకా గ్లెనిస్ మొగుడి పాత గౌనులో
మహారాజులా కాలు మీద కాలేసుకునే టెరెన్స్.

మా నాయనమ్మ యాభై ఇళ్ల బట్టలు ఉతికింది.
నల్లజీడి చుక్క చూసి ఏ ఇంటిదో చెప్పేది.
పద్దు పుస్తకం లేదు, చదువూ లేదు.
మేర కొలవని ఇంటి బట్ట కూడా ఉతికేది.
“మరి నీకేం మిగుల్తుందే?” అని అడిగితే
“వాళ్లవి ఆఖర్న ఉతుకుతాలేవే” అనేది.
అది దయ అనుకున్నాను చాలా ఏళ్లు.

మేలో హోటల్ నుంచి ఉత్తరం:
గురువారాలు కూడా కావాలి, రేటు పెంచుతాం.
అయిదుగురం కూర్చున్నాం, మధ్యలో ఒక బిస్కెట్ల పళ్లెం.
బ్యాంకులో రిటైరైన మిస్టర్ హాల్‌డెన్
చెడ్డవాడేం కాదు, ఆ గౌను ఉతికించిందీ ఆయనే.
“తలుపు మూస్తే ఉచితం ఎక్కడుంటుంది?” అన్నాడు.
నా కాగితం అందరూ చూశారు.
ఇలాగే నడిస్తే ఆరు వారాలు.
చెప్పింది నా పెన్సిల్, నేను కాదు,
అని ఎన్నాళ్లు అనుకోను?

ఏడు దాకా హోటల్.
ఏడు నుంచి తొమ్మిది దాకా మనవాళ్లు.
చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

ఉన్ని కోటు ఆరడానికి రెండు గంటలు చాలవు.
తొమ్మిదికి డ్రయర్లు ఆపితే
టెరెన్స్ తడికోటు తొడుక్కుని, కాలరు దులుపుకుని
“బయట బోలెడు గాలుందిగా” అని నవ్వి
ఆ గాల్లోకి వెళ్లాడు.
అప్పుడు వినిపించింది, నలభై ఏళ్ల తర్వాత,
ఆఖర్న అంటే ఏమిటో.
పొద్దు వాలాక దండెం మీద వేసినవి
తడితోనే ఇల్లు చేరేవి.

ఆ నెల ఎర్ర సిరాతో పని పడలేదు.
విరాళాలవాళ్ల ఫారంలో ఒక గడి:
‘ఎంతమందికి మేలు జరిగింది?’
సగం ఆరినవాణ్ని ఎంత అని వేయను?
ఒకటి అని రాశాను.
ఫారాలకు అరలూ పావులూ తెలియవు.

తర్వాతి గురువారం ఆఫీసు నుంచి ముందే వచ్చాను.
వీధి మొగలో టెరెన్స్ దగ్గర కోటు తీసుకుని
అయిదింటికి, హోటల్ దుప్పట్ల నడుమ,
మూడో మెషీన్లోకి తోసేశాను.
లెక్కలో ఎక్కడా రాయలేదు.

ముదురు నీలం కోటు.
ఒక దుప్పటి అంచున అరచేయంత మేర
ఆకాశం రంగు దిగింది.
గ్లెనిస్ దాన్ని పైకెత్తి దీపానికెదురు పట్టింది.
నా వైపు చూసింది.
ఏమీ అనలేదు.
ఆ మరక లోపలికి వచ్చేలా మడిచి
పైన గట్టిగా ఇస్త్రీ చేసింది.